ఎవరి మీదో పడిన నింద

నా స్నేహితుడికి గంజాయి అలవాటు చేసింది నేనే. ఈ మాట ఇప్పుడు కాగితం మీద పెట్టగలుగుతున్నాను గాని, మొదటిసారి నోటితో చెప్పడానికి ఒకరు అడిగాక కూడా నాకు ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో నా మౌనం వల్ల నష్టపోయింది వాడొక్కడే అయితే ఇది రాసేవాణ్ణి కాదేమో.

ఏడెనిమిదేళ్ల కిందటి సంగతి. మేమిద్దరం విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాళ్ళం. నేను కంప్యూటర్ ముందు కూర్చుని శుభలేఖలు, స్కూలు డైరీలు డిజైన్ చేసేవాణ్ణి. వాడు మిషన్ నడిపేవాడు. చల్లపల్లి దగ్గర పల్లెటూరు వాడిది. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే అక్క పెంచింది. ఆవిడ ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు. తమ్ముడు స్థిరపడ్డాకే తన సంగతి అనుకుని పెళ్లి వాయిదా వేసుకుంటూ వచ్చింది, ఆ వాయిదా అలాగే ఉండిపోయింది.

వాడి పనితనం రంగుల్లో ఉండేది. ఎవరైనా పెళ్లికూతురి చీర అంచు ముక్క తెచ్చి, కార్డు మీద సరిగ్గా ఇదే రంగు కావాలంటే, మిగతా ప్రెస్సుల వాళ్ళు దగ్గరదగ్గరగా వస్తుందిలెండి అని పంపేసేవాళ్ళు. వాడు ఆ ముక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కాసేపు చూసి, గాజుపలక మీద ఇంకు కలిపేవాడు. రెండోసారికి రంగు కుదిరేది. మా ఓనరు గారు ముస్లిం, మేమందరం ఆయన్ని భాయ్ గారూ అని పిలిచేవాళ్ళం. "మిషన్ నాది, కన్ను వీడిది" అని వచ్చినవాళ్ళకి గొప్పగా చెప్పుకునేవారు.

నాకు గంజాయి డిగ్రీ చదివే రోజుల నుంచే తెలుసు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రమే. అదేమంత పెద్ద విషయం కాదని, సిగరెట్టు కంటే, మందు కంటే నయమని, మొక్కేగా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఇద్దరు ముగ్గురం బళ్ళ మీద ఇబ్రహీంపట్నం వెళ్ళి, ఏటి ఒడ్డున కూర్చునేవాళ్ళం. అవతల కరెంటు ప్లాంటు గొట్టాలు పొగ వదులుతుంటే, ఇవతల మేం. ఆ పోలిక చెప్పుకుని గంటసేపు నవ్వుకున్న రోజులున్నాయి. ఒక ఆదివారం వాణ్ణి కూడా రమ్మన్నాను. వాడు వద్దన్నాడు. రెండోసారి కూడా వద్దన్నాడు. మూడోసారి నేను "ఒక్క దమ్ముకి ఏం కాదురా, నచ్చకపోతే మానెయ్" అని చేతిలో పెట్టాను. వాడు దగ్గాడు, కళ్ళు తుడుచుకున్నాడు, తర్వాత చాలాసేపు నీళ్ళవైపు చూసి "నీళ్ళలో ఇన్ని రంగులున్నాయని ఇన్నాళ్లూ చూళ్ళేదురా" అన్నాడు. వాడికో మంచి వస్తువు బహుమతిగా ఇచ్చినంత గర్వపడ్డాను.

ఏడాది గడిచింది. నాది ఆదివారాల దగ్గరే ఆగింది, వాడిది ఆగలేదు. మధ్యాహ్నం భోజనం తర్వాత ప్రెస్సు వెనక సందులోకి వెళ్ళి వచ్చేవాడు. ఎవరి దగ్గర తెచ్చుకునేవాడో నాకు తెలుసు, వాడికి ఆ మనిషిని చూపించింది కూడా నేనే. కొన్నాళ్ళకి మాతో ఇబ్రహీంపట్నం రావడం మానేశాడు. "నలుగురిలో బాగుండట్లేదురా, ఒక్కణ్ణే ఉంటే బాగుంటుంది" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

మొదట్లో తేడా చిన్నదే. అచ్చయిన కాగితాన్ని పట్టుకుని అవసరానికి మించి చూస్తూ ఉండేవాడు. నేను ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడుతుంటే వచ్చి "నా గురించేనా?" అని అడిగేవాడు. వేళాకోళమనుకుని "అవును, నీ గురించే" అన్నాను ఒకసారి. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఒక రోజు మిషన్ ఆపేసి, ఆరబెట్టిన శుభలేఖలన్నీ నేల మీద పడేశాడు. పెళ్లికూతురి పేరు ఎవరో మార్చేశారని, దానిలో తన చావు రాసి ఉందని అన్నాడు. పేరు మారలేదు. ఆ కార్డు నేనే డిజైన్ చేశాను, వాడే మిషన్ మీద వేశాడు. వాడి పెదాలు వణుకుతున్నాయి. అది నటన కాదని చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

భాయ్ గారు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరకి వేశారు.

"వీడేమన్నా వాడుతున్నాడా? నువ్వు వాడి స్నేహితుడివి. నిజం చెప్పు."

"అలాంటిదేం లేదండీ. సరిగ్గా నిద్రపోవట్లేదు, అంతే."

ఆయన నా మొహంలోకి చూసి, తలుపు తీశారు. ఎందుకు అబద్ధం చెప్పానంటే కారణాలు చాలా ఉన్నాయి. చెబితే నా పేరూ వస్తుంది. ఉద్యోగం పోతుంది. పోలీసు కేసంటే మా నాన్న తట్టుకోలేడు. అప్పుడే నాకు గుడివాడ సంబంధం ఒకటి చూస్తున్నారు. ఇవన్నీ ఆ అర నిమిషంలోనే నా బుర్రలో తిరిగాయి. వాడు మాత్రం తిరగలేదు.

కబురు అందుకుని వాడి అక్క వచ్చింది. ఆవిడ్ని అంతకుముందు రెండుసార్లు చూశాను, వచ్చిన ప్రతిసారీ మా ఇద్దరికీ గోంగూర పచ్చడి తెచ్చేది. ఈసారి చేతిలో ఒక ఖాళీ సంచి మాత్రమే ఉంది, వాడి బట్టలు సర్దడానికి. బస్టాండులో వాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి, కిందికి దిగి నా దగ్గరికి వచ్చింది.

"నీకేమన్నా తెలుసా తమ్ముడూ? ఎవరితోనన్నా గొడవ పడ్డాడా? ఎవరన్నా పిల్ల విషయమా?"

"తెలీదక్కా."

"నీకు తెలీకుండా వాడికేముంటదయ్యా" అంది. అనుమానంతో కాదు. మా స్నేహం మీద నమ్మకంతో అంది. బస్సు కదిలింది.

వాడికి నేను వారానికోసారి ఫోన్ చేసేవాణ్ణి. నెల తర్వాత వాడే చేసి, గొంతు తగ్గించి "వచ్చేటప్పుడు కొంచెం తీసుకురా. అది లేక పిచ్చెక్కుతోంది. ఒక్కసారి తెస్తే మళ్ళీ అడగను" అన్నాడు. తీసుకెళ్ళాను. ఇది రాయడం అన్నింటికంటే కష్టం. వాడికి పిచ్చెక్కింది అది లేక కాదు, అది ఉండబట్టేనని నాకు లోపల ఎక్కడో తెలుసు. అయినా బతిమాలుతున్న స్నేహితుణ్ణి కాదనడం మోసం అనిపించింది. పొట్లం జేబులో పెట్టుకుని, కరకట్ట మీద వెళ్ళే బస్సెక్కి, దారిపొడవునా అరటితోటలు చూస్తూ వెళ్ళాను.

ఇంటి గుమ్మానికి గుమ్మడికాయ, నిమ్మకాయలు, ఎర్రగుడ్డలో కట్టిన ఏవో మూటలు వేలాడుతున్నాయి. వాడి మెడలో మూడు తాయెత్తులు. అక్క చిక్కిపోయింది. వాణ్ణి ఇంట్లో ఒక్కణ్ణే వదల్లేక ఆమె అప్పటికి మూడు వారాలుగా అంగన్‌వాడీకి సెలవు పెట్టింది. నాకు కాఫీ ఇస్తూ వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది. పక్క ఊళ్ళో ఒకాయన నిమ్మకాయ కోసి చూసి, ఇది చేతబడి అన్నాడట. చేసినవాళ్ళు మీ ఇంటికి దక్షిణం వైపే ఉన్నారు, మీతో తగువు ఉన్నవాళ్ళే అన్నాడట.

దక్షిణం వైపు ఉన్నది ఒక్కటే ఇల్లు. అందులో అరవై దాటిన ఒక ఆవిడ ఒంటరిగా ఉండేది. ఊరంతా ఆమెని పిన్నీ అనేవాళ్ళు. పెళ్లయిన కొన్నేళ్ళకే భర్త పోయాక రెండు గేదెలు పెట్టుకుని ఆ వీధికి పాలు పోసేది. అక్కకీ ఆమెకీ మురుగుకాలవ విషయంలో రెండేళ్ల కింద మాటామాటా వచ్చింది. అంతే తగువు.

"వాడు కూడా అదే అంటున్నాడు తమ్ముడూ. పిన్ని పాలల్లో ఏదో కలిపిందంట. పాల చెంబు చూస్తే చాలు, వణికిపోతున్నాడు."

వాడు నన్నే అనుమానించాడు, భాయ్ గారిని అనుమానించాడు, శుభలేఖని అనుమానించాడు. ఇప్పుడు పాలని. ఆ అనుమానాలన్నీ ఒకే చోటు నుంచి వస్తున్నాయని ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కాఫీ తాగాను. పెరట్లోకి వెళ్ళి వాడికి పొట్లం ఇచ్చాను. సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

ఆ తర్వాత వారం వాడు మరీ అధ్వాన్నమయ్యాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. పిన్ని ఇంటి మీదికి ఇటుక విసిరాడు, అది గేదె కాలికి తగిలింది. విచిత్రమేమంటే ఊళ్ళో ఎవరూ వాణ్ణి తప్పుపట్టలేదు. పిన్ని దగ్గర పాలు పోయించుకోవడం మానేశారు. పిల్లల్ని ఆమె వాకిట్లోకి వెళ్ళొద్దన్నారు. బావిలోంచి ఆమె చేదిన నీళ్ళు ఎవరూ వాడలేదు. ఇవన్నీ నాకు అక్క ఫోన్లో చెబుతూనే ఉంది, ఇంట్లో మనిషికి చెప్పినట్టు. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. అలా ఇంకో రెండు నెలలు గడిచాయి.

ఒక శుక్రవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. "పెద్దమనుషులు తేల్చేశారు తమ్ముడూ. రేపు పది గంటలకి పిన్ని తడిబట్టలతో గుళ్ళో ప్రమాణం చెయ్యాలి. చెయ్యనంటే ఊరొదిలి పొమ్మంటారంట. చేసినా కొంతమంది ఊరుకునేట్టు లేరు. నాకెందుకో భయంగా ఉంది."

ఆ రోజు భోజనాల వేళకి భాయ్ గారి గదిలోకి వెళ్ళి, నిలబడే అంతా చెప్పాను. మొదటి దమ్ము దగ్గర నుంచి పొట్లం దాకా. ఆయన ముందున్న టిఫిన్ బాక్సు మూత పెట్టేశారు.

"నేనడిగినప్పుడు లేదన్నావు."

"అవునండీ."

"ఇప్పుడు నాకెందుకు చెబుతున్నావు? నేను మాఫ్ చేస్తే నీకు తేలికవుద్దనా?" కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు.  టిఫిన్ బాక్సు పక్కకి జరిపి "చెప్పాల్సింది అక్కడ. రేపు పొద్దున మొదటి బస్సుకి వెళ్దాం. నేనూ వస్తా" అన్నారు.

"మీరెందుకండీ?"

"నువ్వు మధ్యలో దిగిపోతావేమోనని."

ఆ మాట నిజమే. బస్సు ఊళ్ళ దగ్గర ఆగినప్పుడల్లా దిగి వెనక్కి పోవాలనిపించింది. ఆయన పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా పేపరు చదువుకుంటూ ఉన్నారు.

మేం వెళ్ళేసరికి పిన్ని వాకిట్లో ముప్పై నలభై మంది ఉన్నారు. ఆవిడ పశువుల కొట్టం ముందు నులక మంచం మీద కూర్చుని ఉంది. తల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరో బలవంతంగా పోశారో, ఆవిడే పోసుకుందో తెలీదు. చీర ఒంటికి అంటుకుపోయి, చలికి కాదు, సిగ్గుకి ముడుచుకుని ఉంది. అక్క తన గుమ్మంలో నిలబడి ఉంది. వాడు లోపల గదిలో ఉన్నాడు, గడియ బయట నుంచి పెట్టారు.

నేను గుంపు మధ్యకి వెళ్ళి మాట్లాడాను. ఏ మాటలతో మొదలుపెట్టానో గుర్తులేదు. "చేతబడి కాదండీ, గంజాయి" అన్నది గుర్తుంది. వాడు ఏడాదిన్నరగా తాగుతున్నాడని, నేర్పింది నేనని, దానివల్లే ఇలా అయ్యాడని, మూడు నెలల కింద వచ్చినప్పుడు కూడా తెచ్చి ఇచ్చానని చెప్పాను.  ఒకాయన వచ్చి నా చెంప మీద కొట్టాడు. ఇంకొకాయన "ఈ పట్నమోణ్ణి ఆవిడే పిలిపించుకుని ఉంటది, అబద్ధం ఆడించడానికి" అన్నాడు. కొంతమంది అవునన్నారు. నిజం చెబితే నమ్ముతారని నేను దారంతా అనుకుంటూ వచ్చాను. అప్పటికి వాళ్ళకి నా నిజం కంటే వాళ్ళ కథే పాతదైపోయింది.

అక్క మెట్లు దిగి వచ్చింది. "నువ్వొచ్చి కాఫీ తాగిన రోజా?" అని అడిగింది.

"అవునక్కా."

ఆమె తిన్నగా ఇంట్లోకి వెళ్ళింది. వాడి పరుపు కింద, అటక మీద, పెరట్లో కట్టెల కింద వెతికినట్టుంది, పది నిమిషాల తర్వాత పొట్లం కాగితం, అడుగున మిగిలిన ఆకు పట్టుకొచ్చి పెద్దమనుషుల ముందు పెట్టింది. తర్వాత తన ఇంట్లోంచే ఒక దుప్పటి తెచ్చి పిన్ని భుజాల చుట్టూ కప్పింది. పిన్ని దాన్ని తీసేయలేదు, పట్టుకోనూ లేదు.

జనం మెల్లగా పలచబడ్డారు. ఎవరూ ఆవిడకి క్షమాపణ చెప్పలేదు. అప్పుడు భాయ్ గారు అక్క దగ్గరికి వెళ్ళి "అమ్మా, తమ్ముణ్ణి ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్దాం. కారు మాట్లాడతాను" అన్నారు. ఆమె తలూపింది. కారులో నాకు చోటు ఉంది. కాని ఆమె "అతను వద్దండీ" అంది. అంతవరకూ నేను ఆమెకి తమ్ముణ్ణి.

విజయవాడలో వాణ్ణి చూసిన మానసిక వైద్యురాలు తర్వాత నాకూ పది నిమిషాలు టైమిచ్చింది. నేను ఒకే ప్రశ్న అడిగాను. ఇద్దరం ఒకటే తాగాం, నాకేమీ కాలేదు, వాడికెందుకయింది అని.

"ఎవరి మెదడు తట్టుకుంటుందో, ఎవరిది తట్టుకోలేదో ముందుగా చెప్పే పరీక్ష లేదండీ. వాళ్ళ కుటుంబంలో ఇంతకుముందు ఎవరికైనా ఉందేమో, దానివల్ల ఇతనికి రిస్క్ ఎక్కువ ఉందేమో మనకి తెలీదు. మీకు కాలేదంటే అది మీ గొప్ప కాదు" అంది. తర్వాత "మీరు ఇంకా తాగుతున్నారా?" అని అడిగింది.

లేదన్నాను. అది నిజమే. ఆ శుక్రవారం నుంచి ముట్టలేదు. మానడం నాకు పెద్ద కష్టం కాలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడతాను. ఇంత తేలిగ్గా మానగలిగినవాణ్ణి, ఇంకొకణ్ణి ఎందుకు పిలిచానన్న ప్రశ్న అక్కడే వస్తుంది. ఒంటరిగా తప్పు చేయడం కంటే నలుగురితో కలిసి చేస్తే అది సరదా అవుతుంది. నేను వాణ్ణి పిలిచింది వాడి కోసం కాదు. నా తప్పుకి సరదా అని పేరు పెట్టుకోవడానికి నాకు పక్కన మనుషులు కావలసి వచ్చారు.

వాడు ఆరు నెలలకి మామూలుగా మాట్లాడ్డం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి మందులు మానేసి, ఎక్కడో సంపాదించి మళ్ళీ తాగాడు, మళ్ళీ ఆసుపత్రి. ఆ తర్వాత లేదు. మందుల వల్ల చేతులు కొంచెం వణుకుతాయి. భాయ్ గారు పిలిచి మిషన్ మీద నిలబెట్టారు గాని, వాడే రెండు రోజులకి వచ్చేశాడు. రంగులు కనపడుతున్నాయట, వాటిలో తేడా మాత్రం ముందులా తెలియడం లేదట. ఇప్పుడు చల్లపల్లిలో చిన్న జిరాక్సు షాపు చూసుకుంటున్నాడు. నలుపూ తెలుపూ. ఆ సంగతి నవ్వుతూ వాడే చెప్పాడు, నాకు నవ్వు రాలేదు.

పిన్నిని చూడ్డానికి మూడుసార్లు వెళ్ళాను. నిజం తెలిసాక కూడా ఆమె దగ్గర పాలు పోయించుకోవడానికి సగం ఇళ్ళవాళ్ళు రాలేదు. నమ్మక కాదు. ఆవిడ మొహం చూడలేక కొందరు, అలవాటు తప్పిపోయి కొందరు, నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్న గొణుగుడుతో కొందరు. ఏడాది చూసి గేదెల్ని అమ్మేసి, అవనిగడ్డలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. చివరిసారి వెళ్ళినప్పుడు నేను కాళ్ళకి దణ్ణం పెట్టబోతే కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నువ్వు మంచోడివే బాబూ, వచ్చి చెప్పావు. చెప్పకపోతే ఆళ్ళు నన్నేం చేసేవాళ్ళో. కానీ నలభై ఏళ్ళు నా చేతి పాలు తాగినోళ్ళు నాలుగు నెలల్లో నన్నట్టా అనుకోగలిగారని నాకు తెలిసిపోయింది. అది నాకు తెలవకుండా ఉంటే బాగుండేది" అంది.

అక్క ఇప్పుడు నాతో మాట్లాడుతుంది. మునుపటిలా కాదు, మీరు అంటుంది. రెండు మూడు నెలలకోసారి నేను చల్లపల్లి వెళ్తాను. మొన్న వెళ్ళినప్పుడు వాడు షాపు కట్టేసి ఇంటికి తీసుకెళ్ళాడు. వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. నా మొహంలో ఏం కనిపించిందో, వాడే అన్నాడు.

"అన్నీ నెత్తినేసుకోకురా. నువ్వు ఇవ్వకపోయినా నేనెక్కడో ఒకచోట నేర్చుకునేవాణ్ణేమో."

లోపల కూరగాయలు తరుగుతున్న అక్క కత్తిపీట ఆపింది. గొంతు పెంచకుండా "అది వాడి మంచితనం. మీరు నమ్మకండి" అంది.

నేను నమ్మడం లేదని చెప్పాను. ఆమె మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. కాసేపటికి, భోజనం చేసి వెళ్తారా అని అడిగింది. ఉంటానన్నాను.